కట్టపని లేని ఎండకాలం

మా మనవరాలు పుప్పాలగూడలో పదకొండో అంతస్తు ఇంట్లో కూర్చొని పరీక్షకు చదువుకుంటుంది. గట్టిగా పైకి చదవడం దాని అలవాటు, వినడం నా ఖర్మ. మొన్న ఒకరోజు రెండు మాటల దగ్గర దాని బండి ఆగిపోయింది. ఒకటి ఉదారవాదం, ఇంకోటి స్వేచ్ఛావాదం. రెండూ మనిషి స్వేచ్ఛ కోసమే పుట్టాయట. ఒక తల్లి కడుపున పుట్టిన పిల్లల్లాంటివేనట. ఇప్పుడు మాత్రం ఒకదాని మొహం ఒకటి చూడవట. పైగా ఉదారవాది అంటే అమెరికాలో ఒక అర్థం, యూరప్‌లో ఇంకో అర్థం. ఒకచోట పేదవాణ్ణి సర్కారు ఆదుకోవాలనేవాడు ఉదారవాది, ఇంకోచోట సర్కారు తన హద్దులో తానుండాలనేవాడు ఉదారవాది. ఆ రెండో రకం వాళ్ళే కొన్ని దేశాల్లో తమ పాత పేరు చేయి జారిపోయిందని స్వేచ్ఛావాదులమని కొత్త పేరు పెట్టుకున్నారట.

"చూడు అమ్మమ్మా, ఒకే పేరుతో ఇద్దరు ఉల్టా మాట్లాడితే నేనేం రాయాలి?" అంది.

"ఏం రాయకు. లేచి అన్నం తిను" అన్నాను.

దాన్ని తినమన్నాను గానీ ఆ పూట నాకే ముద్ద దిగలేదు. ఆ రెండు వాదాలూ మా ఇంటి అరుగు మీద కూర్చొని చుట్ట కాల్చినవే. ఈ తెలుగు పేర్లు తెలియవు, అంతే తేడా. ఒకటి మా నాయిన, రెండోది మా మేనమామ. వాళ్ళిద్దరి నడుమ మా అవ్వ వరి మడి పోయింది. అమ్మను మేం అవ్వ అనే పిలిచేవాళ్ళం.

మాది ఖాజాగూడ గుట్టలకు ఇవతల చిన్న ఊరు. జాగీరు ఊరు. అంటే శిస్తు జాగీర్దారుకే, హుకుం కూడా ఆయనదే. ఊళ్ళో ప్రతి ఇల్లూ ఆయనకు వెట్టి చేయాలి. కుండలు చేసేవాళ్ళు కుండలివ్వాలి, బట్టలుతికేవాళ్ళు బట్టలుతకాలి, బండి ఉన్నవాడు బండి కట్టాలి. కూలి అడిగితే దెబ్బలు. మాకు బండి ఉండేది. అదే మా నాయిన చేసుకున్న పాపం.

నేను ఇంకా చిన్నపిల్లగా ఉన్నప్పుడు జాగీర్దారు చుట్టాలు వేటకొచ్చారు. డప్పు మనిషి వచ్చి మా గడప ముందు నిలబడి హుకుం చెప్పాడు. నాయిన బండి కట్టాడు. గుడారాలు, వంటపాత్రలు, కుర్చీలు, అన్నీ ఎక్కించారు. నడివేసవి ఎండ. గుట్ట కింద ఒక ఎద్దు మోకాళ్ళ మీద కూలబడింది. కాడి విప్పి నీళ్ళు తాగిస్తానంటే వెంట ఉన్న గుమాస్తా వినలేదు, కొట్టమన్నాడు. ఎద్దు అక్కడే చచ్చింది. అయినా సామాను పైకి చేరాలి కదా. చచ్చిన ఎద్దు వైపు కాడి కింద మా నాయిన మెడ పెట్టించారు. ఆ భుజం మీద నల్లగా కమిలిన మచ్చ ఆయన పోయేదాకా ఉంది. ఆ మచ్చకు నూనె రాసేది నేనే.

అందుకే స్వేచ్ఛ అంటే ఏమిటని నాయినను అడిగితే జవాబుకు తడుముకునేవాడు కాదు. "నా గడప ముందర నిలబడి ఎవ్వడు నన్ను 'నడువ్' అనొద్దు. గంతే. నా బండి నాది, నా రెక్కలు నావి. సర్కారైనా సరే, దేవుడైనా సరే" అనేవాడు.

మేనమామ అవ్వకు తమ్ముడు. పట్నంలో ఒక వకీలు దగ్గర పని చేసుకుంటూ వకీలు చదువు చదివేవాడు. ఆదివారం ఆదివారం సైకిల్ మీద వచ్చి, చెమట తుడుచుకోకముందే వాదన మొదలుపెట్టేవాడు. నా అక్షరాలు ఆయన పెట్టిన భిక్షే, ఆ మాట దాచను. ఆడపిల్లకు చదువెందుకని ఊరంతా నవ్వుతుంటే పలకా బలపం తెచ్చి ఇచ్చింది ఆయనే.

"విడిచిపెడితే అయిపాయెనా బావా?" అనేవాడు. "ఆకలైనోన్ని విడిచిపెడితే యాడికి పోతడు? బడి ఉండాలె, దవాఖాన ఉండాలె, సడక్ ఉండాలె. గవన్నీ సర్కారు చెయ్యాలె. గప్పుడే మనిషి తన కాళ్ళ మీద నిలబడుతడు. గదీ స్వేచ్ఛ."

"సర్కారు చెయ్యి పెట్టిన కాడ మంచిగైన ముచ్చట ఒక్కటి చెప్పు బామ్మర్దీ."

"గది జాగీరు. ఇది మన సర్కారు."

"కాడి కొత్తదైతే ఎద్దుకేం సుఖం?"

ఒకసారి మామ దిండంత ఇంగ్లీషు పుస్తకం తెచ్చాడు. దాంట్లో తనలాంటి వాళ్ళను లిబరల్, మా మనవరాలి మాటలో ఉదారవాది, అంటారని రాసి ఉందట. ఆ ముక్క చదివి వినిపించి ఛాతీ విరుచుకున్నాడు. నాయిన చుట్ట పక్కన పెట్టి, "ఆ మాట ముందుగాల ఎవరికి పెట్టిండ్రు?" అని అడిగాడు. మామ అబద్ధమాడే మనిషి కాదు. నాలుగు పేజీలు వెనక్కి తిప్పి గొంతు తగ్గించి చెప్పాడు. వెనకటి రోజుల్లో రాజుల పెత్తనం వద్దు, మా జోలికి రావద్దు అన్నవాళ్ళనే ఆ పేరుతో పిలిచారట. నాయిన తొడ చరిచి లేచాడు. "గట్లయితే అసలు లిబరల్ను నేను! నువ్వు నా పేరు దొంగిలించినవ్ బామ్మర్దీ!" అన్నాడు. అవ్వ లోపల రొట్టె కొడుతూ నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు.

అవ్వకు చెరువు కింద ఒక మడి ఉండేది. అవ్వ తల్లి ఇచ్చింది. ఇంట్లో మిగతావన్నీ నాయినవి, ఆ మడి ఒక్కటే అవ్వది. తూముకు దగ్గర, కట్ట కాళ్ళ దగ్గరే ఉంది కాబట్టి చివరి తడి దాకా నీళ్ళు అందేవి. ఆ వడ్లు వేరే గుమ్మిలో పోసుకునేది. పండక్కి నాకు రైక గుడ్డ కావాలన్నా, మామకు పట్నంలో గది కిరాయి కట్టాలన్నా ఆ గుమ్మిలోంచే. మా అవ్వ నోట్లో నాలుక లేని మనిషి. ఆ మడి గట్టు మీద మాత్రం ఇంకో మనిషి. నీళ్ళు మళ్ళించుకుంటూ తనలో తాను పాడుకునేది.

చెరువుకు ఒక కట్టుబాటు ఉండేది. ఎండలు ముదిరి నీళ్ళు తగ్గగానే కట్టపని. ఇంటికొక మనిషి గంపా పారా పట్టుకొని రావాలి. గుట్ట మొదట్లో మొరం తవ్వి, మోసి, ఎలుక బొక్కలూ ఎండ్రకాయ బొక్కలూ పూడ్చి, దిమ్మిసాతో కొట్టి గట్టి చేయాలి. మధ్యాహ్నం అందరికీ అంబలి. మనిషిని పంపని ఇంటికి ఆ ఏడు నీటి వంతు ఉండదు. ఇది జాగీరు పెట్టింది కాదు, ఊరు తనకు తాను పెట్టుకున్నది. కానీ పిలిచేది మాత్రం ఆ డప్పు మనిషే. వెట్టికి పిలిచిన డప్పుతోనే పిలిచేవాడు, వెట్టికి అన్న మాటే అనేవాడు, "ఇంటికొక మనిషి ఎల్లాలె!" అని. పని జరుగుతుంటే జాగీరు గుమాస్తా కుర్చీ వేసుకొని కట్ట మీద కూర్చునేవాడు. చేతిలో బెత్తం. ఏది వెట్టో, ఏది ఊరి పనో చెవులకూ వీపులకూ ఎట్లా తెలుస్తుంది?

సర్కారు మారింది. జాగీర్దారు మనుషులు ఊరు విడిచారు. వెట్టి పోయిందని మామ పట్నం నుంచి వార్త తెచ్చినప్పుడు మా నాయిన ఏడ్చాడు. ఆయన ఏడవగా చూడడం నాకు అదే మొదలు. డప్పు మనిషి తన డప్పును దూలానికి తగిలించి, మళ్ళీ దించనని అందరి ముందూ ఒట్టు పెట్టుకున్నాడు.

ఆ మరుసటి ఎండకాలం వచ్చింది. డప్పు మోగలేదు.

అవ్వ మడి ఎండాలి కదా, ఎండలేదు. కట్ట కాళ్ళ దగ్గర ఊట. కాలు పెడితే చల్లగా తగిలేది. ఊళ్ళో అందరూ చూశారు, అందరికీ తెలుసు. కట్ట కారుతున్నదని తెలియనివాడు లేడు. ఎవరు పోవాలి, ఎవరు పిలవాలి అన్న దగ్గరే అంతా ఆగింది.

అవ్వ నాయిన ముందు నిలబడి అడిగింది. ఆమె అట్లా నిలబడడమే ఒక వింత. "ఏమయ్యా, కట్టపనికి ఎప్పుడు పోతున్నరు?"

"ఏ కట్టపని? వెట్టి పోయింది తెల్వదా?"

"ఇది వెట్టి గాదు గదా. మన నీళ్ళ కోసమే."

"ఇంటికొకడు రావాలె, రాకుంటే నీళ్ళు బంద్ అంటే గది వెట్టి గాక ఏంది? నా ఇష్టముంటే పోత, లేకుంటే పోను. గదిగ, ఎవడన్న వచ్చి నా గడప ముందర నిలబడమను చూస్త."

నాయిన పోకపోతే పక్కింటివాడు ఎందుకు పోతాడు? వాడు పోకపోతే ఆ పక్కవాడు? అందరూ పల్లకీ ఎక్కితే మోసేవాళ్ళెవరని అవ్వ నాతో గొణిగింది. నాయినతో అనే ధైర్యం లేదు.

నన్ను డప్పు మనిషి ఇంటికి పంపింది. "ఒక్కసారి కొట్టుమను బిడ్డా, కట్టకని చెప్పి కొట్టుమను." పోయి చెప్పాను. ఆయన గుడిసె ముందు కూర్చొని చెప్పు కుట్టుకుంటున్నాడు. నా మీద కోపం చేయలేదు, మెల్లగా చెప్పాడు. "బిడ్డా, ఈ డప్పు కొట్టినందుకు ఊరి శాపాలన్నీ నాకే తగిలినయి. మీ నాయిన ఎద్దు సచ్చిన నాడు గూడ నేనే కొట్టిన. మీ అవ్వకు దండం పెట్టిన్నని చెప్పు. నన్ను ఇడిచిపెట్టుమను."

దానికి నేనేం చెప్పాలి? ఏం చెప్పినా ఆయన మాట అబద్ధం కాదు. తిరిగొచ్చి అవ్వకు అదే చెప్పాను. అవ్వ పొయ్యిలో కట్టె ఎగదోసింది.

ఆదివారం మామ వచ్చాడు. అవ్వకు ప్రాణం లేచొచ్చింది. తమ్ముడు చదువుకున్నవాడు, నాలుగు మాటలు చెప్తే ఊరు వింటుందని ఆశ. మామ కట్ట మీద అటూ ఇటూ తిరిగి చూసి చాలా గంభీరంగా చెప్పాడు. "అక్కా, బావ చెప్పిన దాంట్ల ఒక్కటి నిజం. జనంతోని ఊరికే మట్టి మోపిచ్చుడు తప్పు. కని కట్ట బాగుచేసుడు సర్కారు పని. ఇంజనీరు రావాలె, కూలోళ్ళకు కూలి ఇయ్యాలె. నేను అర్జీ పెడత. నువ్వు ఫికర్ చెయ్యకు."

"అంతదాంక?"

"అంతదాంక ఆగాలె అక్కా. ఇప్పుడు మనమే చేసుకుంటే, ఇగ సర్కారు ఎప్పటికి చెయ్యదు."

అర్జీ పెట్టాడు, నిజంగానే పెట్టాడు. తిరిగాడు కూడా, చెప్పులరిగేలా. కొన్నాళ్ళకు టోపీ పెట్టుకున్న ఒకాయన జీపులో వచ్చి కట్ట చూశాడు. ఊట చూసి తలూపి, మా అరుగు మీదికొచ్చి కూర్చున్నాడు. జాగీరు ఊళ్ళ చెరువుల లెక్కలు ఇంకా తమ ఆఫీసుకు రాలేదని, వచ్చేదాకా ఈ చెరువు సర్కారుది కాదని, అట్లాగని జాగీరుది కూడా కాదని చెప్పాడు. మరి ఎవరిదని అవ్వ తలుపు చాటు నుంచి అడిగింది. ఆయనకు వినపడలేదు. నాకు వినపడింది.

ఆ మరునాడు పొద్దున అవ్వ గంప తీసింది. పార తీసింది. కొంగు నడుముకు దోపింది. నన్ను కూడా చిన్న తట్ట తీసుకోమంది. మా ఇద్దరికీ ఎంత కట్ట పూడుతుందని కాదు, ఊట దగ్గరైనా నాలుగు గంపల మొరం పోద్దామని. గడప దాటబోతుంటే నాయిన అడ్డం నిలబడ్డాడు.

"యాడికి?"

"కట్ట మీదికి."

"నువ్వు పోతే నా మాట ఏంగావాలె? వెట్టికి పెండ్లాన్ని పంపిండని ఊరు నవ్వదా?"

"నన్ను ఎవ్వరు పిలువలే. నా అంతట నేనే పోతున్న."

జవాబు లేనప్పుడు మగవాళ్ళకు గొంతు పెరుగుతుంది. "పోవద్దంటున్న!" అని అరిచాడు. ముందు రాత్రి మా ఇంట్లోనే ఉండిపోయిన మామ ఆ అరుపుకు బయటికి వచ్చాడు. అవ్వ ఆయన వైపు చూసింది. ఆ చూపు నేను మరిచిపోలేదు. మామ ఎన్నడూ నాయినతో ఏకీభవించినవాడు కాదు. ఆ రోజు దగ్గరికొచ్చి అవ్వ చేతిలోంచి పార మెల్లగా తీసుకున్నాడు. "వద్దక్కా. నువ్వు మట్టి మోస్తే నా ఇజ్జత్ ఏముంటది? నేను ఆఫీసుల కొట్లాడుతున్న గదా. జర ఓపిక పట్టు" అన్నాడు.

ఏళ్ళ తరబడి ఒక్క మాట మీద కూడా కలవని ఇద్దరూ ఆ పొద్దున ఒక్కటయ్యారు. అవ్వ గంప కింద పెట్టింది. బోర్లా పెట్టి, దాని మీద చేయి ఆనించి కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది. కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియక నా తట్టను గోడకేసి కొట్టాను. అది విరగను కూడా విరగలేదు.

మృగశిర దాటింది. వానలు ఆలస్యంగా మొదలైనా మొదలయ్యాక ఆగలేదు. చెరువు నిండుతుంటే ఊరంతా సంబరం. మా అవ్వ ఒక్కతే రోజూ పోయి ఊటలో కాలు పెట్టి చూసి వచ్చేది. నారు పోసింది, నాటు వేసింది. వేయకుండా ఎట్లా ఉంటుంది? మడి పచ్చబడింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం కూర తరుగుతుంటే బయట కేకలు వినిపించాయి. డప్పు లేదు, హుకుం లేదు. మనుషులు వాళ్ళంతట వాళ్ళే పరిగెత్తుతున్నారు. నాయిన పార పట్టుకొని పరిగెత్తాడు. అప్పుడే సైకిల్ దిగిన మామ దాన్ని అరుగు దగ్గర పడేసి వెంటపడ్డాడు. ఆ రోజు అవ్వను ఎవరూ ఆపలేదు.

ఊట ఉన్న చోటే కట్ట కుంగింది. మొరం పోస్తున్నారు, అది పోసినంత సేపు కూడా నిలవడం లేదు. గడ్డి మోపులు వేశారు, ముళ్ళకంప వేశారు, ఎవరో తలుపు పీక్కొచ్చి అడ్డం పెట్టారు. నాయిన నడుము లోతు నీళ్ళలో దిగి తలుపును భుజంతో ఆపుతున్నాడు, ఆ మచ్చ ఉన్న భుజంతోనే. మామ పక్కన నిలబడి గంపలు అందిస్తున్నాడు. డప్పు మనిషి కూడా వచ్చాడు, అందరికంటే ఎక్కువ మోశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ రోజు ఊరంతా కలిసి నాకు చూపించింది. ఎవరి మీదా కోపం రాలేదు. అందరూ ఎంత కష్టపడుతున్నారో చూస్తుంటే గుండె చెరువైంది.

కట్ట తెగింది. నాయినను ఇద్దరు పట్టి పైకి లాగారు. అవ్వ తన మడి వైపు పరిగెత్తబోతే మామ గట్టిగా పట్టుకున్నాడు. మేమంతా బండ మీదికెక్కి నిలబడ్డాం. నీళ్ళు పచ్చటి మడిని ఒక్కసారిగా కప్పేశాయి. ఎవరమూ ఏమీ చేయలేకపోయాం. వాన పడుతూనే ఉంది.

నీళ్ళు పోయాక చూస్తే మడి లేదు. దాని మీద ఇసుక మేట, మనిషి నడుము ఎత్తు. అక్కడక్కడ కట్ట రాళ్ళు. గట్టు ఎక్కడుందో కూడా ఆనవాలు దొరకలేదు. చెరువు ఖాళీ. మిగతావాళ్ళ పొలాలకూ ఆ ఏడు నీళ్ళు లేవు కానీ, వాళ్ళకు నేలైనా మిగిలింది. అవ్వకు అదీ లేదు.

మనవరాలికి ఇదంతా చెప్పాను. "మరి ఇద్దరిలో ఎవరిది తప్పు అమ్మమ్మా?" అని అడిగింది. కాడి కింద మెడ పెట్టిన మనిషిది తప్పని ఏ నోటితో అనను? నాకు అక్షరాలు పెట్టిన మనిషిది తప్పని ఏ నోటితో అనను? ఇన్నేళ్ళుగా ఆలోచిస్తున్నాను, నా వల్ల కాలేదు. "మీ అవ్వ ఏ పక్షం?" అని మళ్ళీ అడిగింది. ఆ సంగతి అప్పుడు ఎవరూ అడగలేదని చెప్పాను.

వరద పోయిన కొన్నాళ్ళకు ఒక సాయంత్రం నాయిన, మామ అరుగు మీద కూర్చున్నారు. వాదన లేదు. చుట్ట ఆరిపోయినా నాయిన మళ్ళీ ముట్టించుకోలేదు. అవ్వ లోపలి నుంచి మంచినీళ్ళు తెచ్చి ఇద్దరి ముందూ పెట్టింది. నాయిన తలెత్తాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు, దాంట్లో నాకు అనుమానం లేదు.

"ఇగ నిన్ను ఎవ్వరు ఆపరు. నీ ఇష్టం వచ్చినప్పుడు పో."

అవ్వ చెంబు చేతిలోకి తీసుకుంది. ఆమె గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. తెలియక అడిగినట్టే అడిగింది.

"యాడికి పోవాలె?"

నాయిన మామ వైపు చూశాడు. మామ తన చేతుల వైపు చూసుకున్నాడు. దీపం పెట్టే వేళైందని అవ్వ లోపలికి పోయింది.